ప్రథమ శ్రేణి తాగుబోతు

బోనెల పైడిరాజు జన్మలో మందు చుక్క ముట్టలేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. కథ సగానికి వచ్చేసరికి దీన్ని నమ్మేవాళ్లు లోకంలో ఒకరిద్దరికి మించి మిగలరు. ఆ ఒకరిద్దరిలో పాఠకులు కూడా ఉంటే అతనికి కాస్త ఊరటగా ఉంటుంది.

ముట్టనివాడు తాగుబోతు వేషం మీదే బతికాడు. టీవీలో "నవ్వుల సంత" అని ఒక స్కిట్ల కార్యక్రమం వచ్చేది. అందులో ఎవరి వేషం వాళ్లకి రాసిపెట్టి ఉండేది. ఒకడు దొంగ, ఒకడు డాక్టరు, ఒకడు మంత్రి. మీసాలు తీసేసి చీర కట్టుకునే అప్పల్నాయుడు ఎప్పుడూ భార్యే. తాగుబోతు మాత్రం పైడిరాజు. జడ్జీల కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఎవరేం చేసినా నవ్వాలని ఒప్పుకుని వచ్చినవాళ్లే. పైడిరాజు తూలుతూ వచ్చినప్పుడు మాత్రం వాళ్లు ఆ ఒప్పందం మర్చిపోయి సొంతంగా నవ్వేవాళ్లు.

అతను అరవడు, తిట్టడు, పడిపోడు. తాగి ఇంటికొచ్చినవాడు ఎంత మర్యాదగా ఉండాలని చూస్తాడో అదే చేసి చూపిస్తాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి వరసగా పెడతాడు, పనిలో పనిగా పక్కింటివాళ్లవి కూడా సర్దుతాడు. గడపకి దండం పెట్టి, "కాలు తగిల్తే ఏటీ అనుకోకు తల్లీ" అంటాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి గోడకి తగిలిస్తాడు. అక్కడ మేకు ఉండదు. తువ్వాలు కింద పడుతుంది. తీసి, దులిపి, మళ్లీ అక్కడే తగిలిస్తాడు. మళ్లీ పడుతుంది. అప్పుడు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నిలబడలేనంతగా తాగడం దేనికే?" అని నెమ్మదిగా మందలిస్తాడు.

ఇదంతా పైడిరాజు కనిపెట్టింది కాదు. బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్న గవరయ్య రోజూ చేసింది. ఆ గోడకి ఒకప్పుడు మేకు ఉండేది, మేకుకి గడియారం ఉండేది. గవరయ్య గడియారం అమ్ముకుని తాగిన రోజున మేకు కూడా దాంతోపాటు ఊడి వచ్చింది. భార్య ఎర్నమ్మ సాయంత్రమయ్యేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "హా అను" అనేది. గవరయ్య "నాను తాగలేదే" అంటూనే హా అనేవాడు. ఆవిడ వాసన చూసి, మాట్లాడకుండా పక్కకి తప్పుకునేది. చివరికి ఆ మనిషి మందుకే పోయాడు. దినవారాలు అయ్యాక ఎర్నమ్మ కొడుకు చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఆ తరవాత ఎవరినీ హా అనమని అడగలేదు.

కొడుకు టీవీలో మొదటిసారి లేని మేకుకి తువ్వాలు తగిలించినప్పుడు ఆవిడ కొయ్యబారిపోయింది. కాసేపటికి నవ్వింది. ఒకసారి మొదలెట్టాక ఆపుకోలేకపోయింది. "మీ అయ్య ఉన్నన్నాళ్లూ నవ్వలేకపోనాన్రా. ఇప్పుడు నవ్వుతన్నాను" అంది కళ్లు తుడుచుకుంటూ. పైడిరాజుకి తరవాత శాలువాలు, జ్ఞాపికలు చాలా వచ్చాయి. వాటిని ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు గానీ, ఆ మాట మాత్రం భద్రంగా దాచుకున్నాడు. వారం వారం తల్లి పక్కన కూర్చుని ఆవిడ నవ్వు చూడటం కోసమే అతను ఆ వేషం వేసేవాడంటే అబద్ధం కాదు.

ఇలా ఉండగా ఒక మాజీ ప్రజాప్రతినిధి గారికి జలుబు చేసింది.

ఆ సాయంత్రం "నవ్వుల సంత"లో డాక్టరు వేషం వేసినవాడు, జలుబుకి ఆవిరి పట్టక్కర్లేదు, పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు తింటే చాలని సెలవిచ్చాడు. ప్రతినిధి గారు తు.చ. తప్పకుండా పాటించారు. జలుబు సంగతి ఏమైందో తెలియదు గానీ, కడుపు మాత్రం ఆయన్ని ఆస్పత్రి దాకా నడిపించింది. "తెల్లకోటు వేసుకున్నవాడు చెబితే ప్రజలు నమ్మరా? నాలాంటివాడే నమ్మితే అమాయకుల గతేమిటి?" అని ఆయన మంచం మీది నుంచే నిలదీశారు. అది చాలా గంభీరమైన ప్రశ్న అని అందరూ ఒప్పుకున్నారు. దానికి జవాబు కూడా ఉంటుందని ఎవరికీ తోచలేదు. ప్రభుత్వానికి తోచింది ఒక్కటే. దృశ్య మాధ్యమ పాత్రార్హతా మండలి వెలసింది.

మండలి నిబంధన సూటిగా ఉంది. "తెరపై ఏ పాత్ర ధరించువారైనను సదరు పాత్రకు వాస్తవముగా అర్హులై, తత్సంబంధిత పత్రమును పొంది యుండవలెను." అధ్యక్షులుగా నీటిపారుదల శాఖలో రిటైరైన వైకుంఠరావు గారు కుర్చీ ఎక్కారు. ఆయనకి నాటకాలతో ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. అర్హతలు నటులకి గానీ, మండలికి కావుగా.

డాక్టరు వేషగాడు పాపం ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష పుస్తకాలు కొనుక్కుని ఊరెళ్లిపోయాడు. దొంగ వేషగాడు పత్రం కోసం పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, "సార్, నేను దొంగనని రాసివ్వండి" అని అడిగాడు. వాళ్లు సంతోషంగా రాసిచ్చారు గానీ మనిషిని వదల్లేదు, ఊళ్లో తేలని కేసులన్నీ అతని మీద తేల్చుకున్నారు. అప్పల్నాయుడికి వంట పరీక్ష పెట్టారు. అతను పెట్టిన వంకాయ పులుసు తిన్నాక సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఉత్తమ గృహిణిగా ధ్రువీకరించి, ఇకపై భర్త అనుమతి లేనిదే షూటింగులకి రాకూడదని షరతు పెట్టారు. శవం వేసేవాడి విషయం తేలక ఉపసంఘం వేశారు. ఇబ్బంది లేకుండా బయటపడ్డది మంత్రి వేషగాడు ఒక్కడే. మంత్రికి ఏ అర్హతలు ఉండాలా అని మండలి రూల్సు పుస్తకాలన్నీ తిరగేసి, ఏమీ కనబడకపోయేసరికి అక్కడికక్కడే పత్రం చేతిలో పెట్టి పంపించింది.

ఇక పైడిరాజు వంతు వచ్చింది.

"పైడీ, నువ్వు తాగుతావని ఒక్క కాగితం తెచ్చెయ్యవోయ్," అన్నాడు డైరెక్టరు ఫణీంద్ర. "నీ స్కిట్ లేకపోతే మన ప్రోగ్రాం ఎవరు చూస్తారు?"

"నేను తాగను కదా సార్!"

"అదే కదా ఇప్పుడు గొడవంతా! ఇన్నాళ్లూ నీకు తాగకపోవడం అడ్డం రాలేదు. ఇప్పుడొచ్చింది. సర్దుకోవాలి మరి."

"పోనీ, మామూలు మనిషి వేషం వేస్తాను."

"కనుక్కున్నాను. సామాన్య మానవుడి పాత్రకి సామాన్యుడినని పత్రం కావాలిట. టీవీలో కనబడ్డవాడు సామాన్యుడు కాడని ఎవరికీ ఇవ్వట్లేదు."

పరీక్ష రోజున పైడిరాజు ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో మండలి ముందు నిలబడ్డాడు. పొడుగాటి బల్ల మీద సీలు వేసిన సీసా, గ్లాసు, మంచినీళ్లు, ఒక పొట్లంలో పల్లీలు పద్ధతిగా అమర్చి ఉన్నాయి. బల్ల వెనక సభ్యులు, మధ్యలో వైకుంఠరావు గారు.

"దరఖాస్తుదారుని మద్యపాన సామర్థ్యమును ప్రత్యక్షముగా పరిశీలించు నిమిత్తము ఆబ్కారీ శాఖ వారి నుండి ఒక సీసా తెప్పించడమైనది," అన్నారాయన. "సేవించి, తదనంతర ప్రవర్తనను ప్రదర్శించవలసినది."

"అయ్యా, నేను తాగను. మా అమ్మకి ఒట్టేశాను."

"ఒట్టులకు మా నమూనాలో గడి లేదు."

పైడిరాజు సీసా వైపు చూశాడు. సీలు మీద చెయ్యి వేస్తే ఒట్టు పోతుంది. వెనక్కి తిరిగితే వేషం పోతుంది, దానితో అమ్మ నవ్వూ పోతుంది. ఎటూ పాలుపోక, అలవాటైన దారిలోకి వెళ్లిపోయాడు. చెప్పులు విప్పి వరసగా పెట్టాడు. బల్ల కింద దూరి సభ్యుల బూట్లు కూడా సర్దాడు. గుమ్మానికి దండం పెట్టి క్షమాపణ చెప్పుకున్నాడు. అధ్యక్షుల వెనక గోడకి తువ్వాలు తగిలించాడు. అది ఆయన నెత్తి మీద పడింది. తీసి దులిపి, మళ్లీ అక్కడే తగిలించాడు. మూడోసారి పడ్డాక దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి మందలించాడు.

నవ్వడానికి నిబంధనల్లో వీలు లేదు కాబట్టి సభ్యులు దగ్గారు. దగ్గీ దగ్గీ ఒకాయనకి కళ్లనీళ్లు వచ్చాయి. వైకుంఠరావు గారు మాత్రం నిమ్మళంగా తువ్వాలు పక్కకి తోసి, ద్వితీయ శ్రేణి తాగుబోతుగా తీర్పు రాయించారు.

అప్పుడు ఒక సభ్యుడికి సీసా మీద సీలు కనిపించింది. "అధ్యక్షా, సీలు ఊడలేదే!"

పైడిరాజుకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్, నేను తాగలేదు" అన్నాడు.

వైకుంఠరావు గారు సీసాని తిప్పి తిప్పి చూసి, ఆలోచించి, నిట్టూర్చారు. "సీసా నిండుగా నున్నది. మనిషి తూలుచున్నాడు. అనగా, ఇతడు ఇంటి వద్దనే సేవించి ప్రభుత్వ కార్యాలయమునకు విచ్చేసినాడు. పట్టపగలు ఇంత ధైర్యము పాతకాపులకే సాధ్యము. ద్వితీయ శ్రేణి సరిపోదు. ప్రథమ శ్రేణి ఇవ్వవలసినది."

అలా పైడిరాజు రాష్ట్రంలో మొట్టమొదటి ప్రభుత్వ ధ్రువీకృత ప్రథమ శ్రేణి తాగుబోతు అయ్యాడు. ఫణీంద్ర కావలించుకుని స్వీట్లు పంచాడు.

ఇకమీదట ప్రతి స్కిట్‌కి ముందు నటుడి అర్హతని గంభీరమైన గొంతుతో చదివి వినిపించాలని మండలి ఆదేశం. ఆ వారం ఎర్నమ్మ ఎప్పట్లాగే టీవీ ముందు కూర్చుంది. పక్కన కొడుకు, కోడలు సత్యవేణి. తెర మీద పైడిరాజు బొమ్మ, దాని మీద ప్రభుత్వ ముద్ర వచ్చాయి. "ఈ నటుడు అలవాటుపడిన తాగుబోతు అని నిపుణుల సంఘం ప్రత్యక్షంగా పరిశీలించి ధ్రువీకరించింది" అంది గొంతు. తరవాత పైడిరాజు వచ్చి తువ్వాలు తగిలించాడు. జనం పగలబడి నవ్వారు. ఎర్నమ్మ నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

పైడిరాజు వెనకాలే పరిగెత్తాడు. "అమ్మా, నాను తాగలేదే. ఊరికే ఏక్షన్ సేసాను."

"మీ అయ్యా ఇదే మాట అనీవోడు" అంది ఆవిడ గోడ వైపు తిరిగి.

"ఆళ్లకి తెలీదే!"

"సదూకున్న బాబులు అంతమంది కూకుని సూసి రాసినారట. ఆళ్లకి తెలీదా, నాకు తెల్సా?"

"అయితే నువ్వే సూడు. హా అంతాను, వాసన సూడు."

ఎర్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "సూడను. ఉన్నాదనుకో, అప్పుడేటి సెయ్యనురా? మీ అయ్యప్పుడంటే వొయిసులో ఉన్నాను, ఓర్సుకున్నాను" అని ఏడ్చింది. పైడిరాజు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. తాగినవాడూ తాగనివాడూ ఒకే మాట చెప్పినప్పుడు, తాగనివాడు ఇంకెలా చెప్పాలో అతనికి తెలియలేదు.

ప్రభుత్వ ముద్ర ఊరికే పోదు. రవాణా శాఖ వాళ్లు తాగుబోతుకి లైసెన్సేమిటని లాక్కున్నారు. ఇంటాయన, సంసారులున్న చోట ఇబ్బందని ఖాళీ చేయమన్నాడు. వీధిలో ఎదురైనవాళ్లు అతను తిన్నగా నడుస్తుంటే, "ఎంత కంట్రోలో చూడండి" అని మెచ్చుకునేవాళ్లు. ఇవన్నీ అతను దులిపేసుకున్నాడు. ఇంట్లో వారం వారం టీవీ ముందు ఖాళీగా ఉంటున్న తల్లి చోటు మాత్రం చూడలేకపోయాడు.

సర్కారు మాటని తల్లి నమ్మింది కాబట్టి, సర్కారు చేతే ఆ మాట వెనక్కి తీయించాలని నిశ్చయించుకుని, తనని తాగనివాడిగా మార్చమని మండలికి దరఖాస్తు పెట్టాడు. మండలి అతన్ని మద్య విమోచన కేంద్రానికి పంపింది. అక్కడి డాక్టరు రక్తం పరీక్షించి ఎగిరి గంతేశాడు. "అద్భుతం! మా గేటు దాటగానే మానేశాడు. పదేళ్లలో మాకిదే మొదటి విజయం" అని పైడిరాజు ఫొటోకి దండ వేసి వరండాలో తగిలించాడు. ఆ నివేదిక చూసి మండలి, "మానివేసెననగా అంతకుముందు సేవించినట్లే కదా" అని సంతృప్తి పడింది. సత్యవేణి వెళ్లి తన భర్త ఏనాడూ ముట్టలేదని చెబితే, "తాగుబోతుల భార్యలు ఇట్లే చెప్పుదురు, పాపము" అని మండలి జాలిపడి టీ ఇప్పించింది.

చివరికి తుది విచారణ వచ్చింది. సత్యవేణి ఇంట్లో అత్తగారిని నిలదీసింది. "అత్తా, ఆళ్లేటి సూసినారో నువ్వూ ఓపాలి వొచ్చి సూడు. సూడకుండా కొడుకుని ఒగ్గేత్తావా?" ఎర్నమ్మ చీర మార్చుకుని బయల్దేరింది.

మండలి గదిలో సాక్ష్యంగా ఆనాటి సీసాని మళ్లీ బల్ల మీద పెట్టారు. ఇప్పుడు దానికి సీలు లేదు. సగం ఖాళీగా ఉంది. సత్యవేణి అదేమిటని అడిగింది.

"ఆవిరి నష్టము," అన్నారు వైకుంఠరావు గారు తొణక్కుండా. "జలాశయములలో సర్వసాధారణము. నా సర్వీసు మొత్తము చూచితిని."

పైడిరాజు దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. "అయ్యా, ఆనాడు నేను చేసింది మా నాన్న. నేను కాదు. నేను తాగి ఉంటే అంత బాగా చేయలేను" అని చెప్పుకుంటున్నాడు. ఆ మాట విన్న ఎర్నమ్మ వెనక బెంచీ మీంచి లేచింది. బంట్రోతు ఆపబోతే తోసుకుని కొడుకు ముందుకొచ్చి, గుమ్మంలో నిలబడినట్టు నిలబడింది. అతని గడ్డం పట్టుకుని కిందికి వంచింది.

"హా అను."

పైడిరాజు కళ్లు మూసుకుని హా అన్నాడు. ఆవిడ ముక్కు దగ్గరగా పెట్టి చూసింది. ఒకసారి చాలక మళ్లీ చూసింది. తరవాత ఆ గడ్డం వదలకుండా ఏడవడం మొదలెట్టింది.

"కారప్పొడి ఇడ్లీ తిన్నాడు బాబూ నా కొడుకు. మరేటీ లేదు. ఇరవయ్యేళ్లు ఒకడి నోరు వాసన సూసినాను, నాకు తెలీదా?" అని అటూ ఇటూ మొహం తిప్పి, వైకుంఠరావు గారి దగ్గర ఆగింది. "ఈ గదిలో వాసనయితే ఉన్నాది. ఆడి కాడ కాదు."

సభ్యులందరికీ ఒకేసారి ఫైళ్లలో పని గుర్తొచ్చింది. వైకుంఠరావు గారు జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, "అమ్మా, తమరు ఎవరు?" అన్నారు.

"ఆడి తల్లిని."

"తల్లి పాత్రకు సంబంధించిన అర్హతా పత్రము కలదా?"

"నానే పాత్రా ఎయ్యలేదు బాబూ. కన్నాను."

ఆ జవాబుకి కూడా నమూనాలో గడి లేదు. మండలి లోపలి గదిలోకి వెళ్లి తర్జనభర్జన పడింది. తిరిగొచ్చాక వైకుంఠరావు గారు లేచి నిలబడి తీర్పు చదివారు.

"దరఖాస్తుదారుడు ఎన్నడునూ మద్యము సేవించలేదని మండలి అంగీకరించుచున్నది."

పైడిరాజు చేతులు జోడించాడు.

"కావున, ఆనాడు సేవించకయే సేవించినట్లు మండలి ఎదుట ప్రవర్తించెనని తేలుచున్నది. అనగా, ఇతడు నటించినాడు. బాధ్యత గల అధికారుల సమక్షమున, పట్టపగలు, ఎట్టి సంకోచము లేకుండ నటించినాడు. ఇది క్షమార్హము కాదు. నటనకు పాల్పడిన కారణమున ఇతనిని టెలివిజన్ నటనకు శాశ్వతముగా అనర్హునిగా ప్రకటించడమైనది."

మెట్లు దిగి వస్తూ పైడిరాజు డైరెక్టరుకి ఫోను చేశాడు. ఫణీంద్ర ఫోను ఎత్తలేదు, అతనికి అప్పుడే తీర్పు తెలిసిపోయినట్టుంది. లైసెన్సు పోయింది కాబట్టి ముగ్గురూ బస్‌స్టాపులో నిలబడ్డారు.

"మరింక టీవీలో కనబడవేట్రా?" అంది ఎర్నమ్మ.

"లేదమ్మా. ఆపీసినారు."

ఆవిడ అతని భుజం మీది తువ్వాలు చూసింది. "ఆ తువ్వాల ముక్క..." అని ఆగింది. "నాను సూసి శానా రోజులైపోనాది. ఓపాలి సెయ్యి."

పైడిరాజు తల్లి మొహం చూశాడు. చెప్పులు విప్పి వరసగా పెట్టాడు. పక్కన నిలబడ్డవాళ్ల చెప్పులు సర్దాడు. ఫుట్‌పాత్ అంచుకి దండం పెట్టాడు. బస్‌స్టాపు గోడకి తువ్వాలు తగిలించాడు. పడింది. దులిపి మళ్లీ తగిలించాడు. జనం మూగారు, నవ్వారు. అతను తువ్వాలుని బెంచీ మీద కూర్చోబెట్టి, "నిలబడలేనంతగా తాగడం దేనికే?" అన్నాడు. ఎర్నమ్మ నవ్వింది. కోడలి భుజం పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అంతలో బస్సు వచ్చింది. కండక్టరు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు. "ఓ అన్నా, తాగినోళ్లను ఎక్కియ్య. ఎన్కకు పో."

"నేను తాగలేదు" అన్నాడు పైడిరాజు.

"అందరు గట్లనే అంటరు."

ఎర్నమ్మ ముందుకొచ్చింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "తాగలేదు బాబూ. ఆడు నా కొడుకు, ఏక్టరు. కావాలంటే వాసన సూడు."

కండక్టరు ఆవిడని చూశాడు, అతన్ని చూశాడు. వంగి వాసన చూశాడు.

"కారప్పొడి," అని చెయ్యి తీశాడు. "ఎక్కున్రి, ఎక్కున్రి."